నొసటివ్రాత చదువు యంత్రము

మన పూర్వులు నొసటివ్రాత బ్రహ్మ వ్రాసినదనియు, దానిని చదువుట మానవులకు శక్యము కాదనియు నమ్మియుండిరి. నేటి ప్రభుత్వములు ఆ విద్య తమకు పట్టువడినదని నమ్ముచున్నవి. ఏ దేశముననో యొక క్రొత్త అంటురోగము పుట్టినదని వార్త వచ్చుటే తడవుగా విమానాశ్రయ ద్వారములయందు తుపాకివంటి చిన్న యంత్రమును చేతబట్టి ఉద్యోగులు నిలుతురు. ప్రయాణికుని నొసటికి దానిని గుఱిపెట్టుదురు. ఒక అంకె కనబడును. ఆ అంకెను జూచి ‘పోవచ్చు’ నందురు. మఱునాడు పత్రికలలో ఆ బొమ్మ పడును. అమాత్యులు ప్రకటనలు చేయుదురు. గృహస్థులు ‘గుమ్మమున కాపలా యున్నదిలే’ యని గుండెలమీద చేయి వేసికొని నిద్రింతురు. పిల్లి యెదురైనదని ప్రయాణము మానుకొనిన తాతగారిని జూచి నవ్వు విద్యావంతులు ఈ క్రొత్త శకునమును జూచి నవ్వకుండుట మాకు వింతగా నున్నది.

మా మాటను ముందుగనే స్పష్టపఱచుట మంచిది. అంటురోగములు లేవని మేమనుట లేదు. అవి ప్రయాణికులతో కూడ ప్రయాణము చేయవనియు ననుట లేదు. ఓడ నడచిన దారినే ప్లేగు నడచినది. 1918 నాటి విషజ్వరము బొంబాయి రేవున దిగి పొగబండి దారిని దేశమంతట వ్యాపించినది. కోవిడు విమానమెక్కి వచ్చినది. రోగము ద్వారముననే వచ్చుచున్నదనుట నిజము. ద్వారమున నిలిచి ముఖము జూచినంతమాత్రమున అది దొరకుననుట అబద్ధము. ‘ఈ అబద్ధము ప్రజలకు ధైర్యము కల్పించుచున్నది గదా, ఉండనిండు’ అని కొందఱు పెద్దమనుష్యులు మాతో వాదించిరి. అబద్ధపు ధైర్యమువలన కలుగు కీడు ఎట్టిదో చూపుటకే మేము కలము పట్టితిమి.

రోగబీజము శరీరమున ప్రవేశించిన దినముననే జ్వరము రాదు. గ్రుడ్డు పొదుగబడి పిల్ల యగుటకు దినములు పట్టినట్లే రోగమునకును పొదుగుకాల మొకటి కలదు. ఎబోలా రోగమునకు అది రెండు దినములు మొదలు ఇరువదియొక్క దినములవఱకు నుండును. కోవిడునకు రెండు మొదలు పదునాలుగు దినములని వైద్యులు చెప్పుదురు. అందు మఱియొక చిక్కు కూడ కలదు: జ్వరము కాయుటకు ఒకటి రెండు దినములు ముందుగనే ఆ మనుష్యుడు ఇతరులకు రోగమంటింపగలడు; కొందఱికి జ్వరమే రాదు. దుబాయినుండి హైదరాబాదునకు విమానమున సుమారు నాలుగు గంటల ప్రయాణము. వారములకొలది దాగియుండగల శత్రువును నాలుగు గంటల ప్రయాణము చివర ఒక్క క్షణము చూచి పట్టుకొందుమనుట, విత్తనము నాటిన మఱునాడు పొలమునకు పోయి మొలక కనబడలేదు గనుక విత్తనమే లేదనుటవంటిది. ఇంతేకాదు. ఆ యంత్రము కొలుచునది చర్మముపై వేడిని గాని లోపలి జ్వరమును గాదు. ఎండలో నిలిచి వచ్చినవానికి లేని జ్వరమును చూపవచ్చును. పారసిటమాలు బిళ్ల మ్రింగినవానికి ఉన్న జ్వరమును దాచును. ఇంటికి పోవలెనను ఆతురత గలవానికి ఆ బిళ్ల సంగతి ఎవరును నేర్పనక్కఱలేదు.

ఇది మా ఊహ కాదు. 2003లో సార్సు రోగము చెలరేగినప్పుడు కెనడా దేశమువారు తమ విమానాశ్రయములలో ప్రశ్నపత్రములు పంచిరి, నర్సులను నిలిపిరి, టొరాంటో, వాంకూవరు నగరములందు దేహపు వేడిని చూపు కెమెరాలను పెట్టిరి. సుమారు 65 లక్షల పర్యాయములు ప్రయాణికులను పరీక్షించిరి. అందు అనుమానించి వేఱుగా చూచినవారు సుమారు 9,100 మంది. వారిలో సార్సు గలవాడు ఒక్కడును లేడు. ఆ లెక్కలను కెనడా ఆరోగ్యాధికారులే దాపఱికము లేక ప్రకటించిరి గనుక వారిని మెచ్చుకొనవలసినదే. ఇక టొరాంటో నగరమున ఆ రోగము ముఖ్యముగా వ్యాపించినది ఎచ్చటనో చదువరు లెఱుగుదురా? ఆసుపత్రులలో. విమానాశ్రయమున నర్సులను నిలిపిన దేశమునందే ఆసుపత్రి నర్సులు రోగము పాలైరి. కెనడాలో 44 మంది మరణించిరి.

మన సంగతి చూతము. 2020 జనవరి 18వ తేదీనుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా విమానాశ్రయములలో చైనానుండి వచ్చువారి నొసళ్లు చూచుట మొదలైనది. కొలది దినములలో ఆ ఏర్పాటు హైదరాబాదునకును వచ్చినది. కాపలావారు చైనావైపు చూచుచుండగా రోగము వేఱొక దారి పట్టినది. మార్చి 2వ తేదీన తెలంగాణమున బయటపడిన మొదటి రోగి దుబాయినుండి బెంగుళూరునకు విమానముమీదను, అటనుండి హైదరాబాదునకు బస్సుమీదను వచ్చినవాడు. దుబాయి పేరు నాటికి అనుమానించు దేశముల పట్టికలోనే లేదు. అన్ని దేశములనుండి వచ్చువారిని పరీక్షింపవలెనను ప్రకటన మార్చి 4వ తేదీన గాని రాలేదు. ఆ నెల కడపట కేంద్ర క్యాబినెట్ కార్యదర్శి రాష్ట్రములకొక లేఖ వ్రాసిరి. రెండు మాసములలో విదేశములనుండి 15 లక్షలకు పైగా ప్రయాణికులు వచ్చిరనియు, వచ్చినవారి మొత్తమునకును రాష్ట్రములు కనిపెట్టి చూచుచున్నవారి సంఖ్యకును అంతరము కనబడుచున్నదనియు దాని సారాంశము. ఈ యొక్క వాక్యము చాలును. నొసళ్లు చూచుట జరిగినది. కాగితములు నింపించుట జరిగినది. ఆ కాగితములలోని చిరునామాను పట్టుకొని ఇంటికి పోయి ‘అయ్యా, నేడు ఒళ్లెట్లున్నది? ఇంటిలోనివా రెట్లున్నారు?’ అని విచారించువారు చాలినంతమంది లేకపోయిరి.

కేరళమువారు మాత్రము వూహానునుండి వచ్చినవారిని పేరుపేరున తెలిసికొని ఇండ్లయందే కనిపెట్టి చూచిరి. జనవరి 30వ తేదీన దేశములో మొదటి రోగి త్రిశ్శూరున బయటపడుట కేరళమునకు అపకీర్తి కాదు. వెదకినచోట దొరకును. నూఱేండ్లకు పూర్వమే మన మద్రాసు రాజధానిలో ‘ప్లేగు పాస్‌పోర్టు’ అను నొక పద్ధతి యుండెడిది. రోగమున్న ప్రదేశమునుండి వచ్చిన ప్రయాణికుడు ఆ చీటిని తీసికొని తాను చేరిన యూరిలో కొన్నిదినములపాటు అధికారులకు కనబడుచుండవలెను. ఆ పద్ధతిలో సిబ్బంది పీడ లేకపోలేదు. దాని భారము పేదవానిమీదనే పడెడిది. అయినను రోగమునకు పొదుగుకాలము కలదను సంగతిని ఆ దొరలైనను గుర్తించిరి. యంత్రము చేతికి వచ్చిన తరువాత మనము దానిని మఱచితిమి.

2014లో ఎబోలా పడమటి ఆఫ్రికాలో విజృంభించినప్పుడు రెండు నగరములకు రోగి విమానముమీద చేరినాడు. ఈ రెండు కథలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన మేము చెప్పదలచిన దంతయు అందే యున్నది. సెప్టెంబరు 19వ తేదీన లైబీరియా రాజధాని మన్రోవియాలో ఒక ప్రయాణికుడు విమానమెక్కెను. అచ్చట బయలుదేరువారందఱికిని జ్వరపరీక్ష గలదు. అతనికి జ్వరము లేదు, నిజముగనే లేదు. మఱునాడు అమెరికాలోని డాలస్ నగరమున దిగెను. కొన్ని దినములకు జబ్బుపడి 25వ తేదీ రాత్రి ఆసుపత్రికి పోయి, తాను ఆఫ్రికానుండి వచ్చితినని చెప్పెను. ఆ మాట వ్రాయబడినది గాని వైద్యుని బుద్ధికి ఎక్కలేదు. మందులిచ్చి ఇంటికి పంపిరి. 28వ తేదీన అంబులెన్సులో మరల వచ్చెను. అక్టోబరు 8న మరణించెను. అతనికి శుశ్రూష చేసిన యిద్దఱు నర్సులకు రోగమంటినది. దైవవశమున వారు బ్రదికిరి.

అదే సంవత్సరము జూలై 20వ తేదీన అదే మన్రోవియానుండి మఱియొకడు నైజీరియాలోని లాగోసు నగరమున దిగెను. అతడు విమానాశ్రయమునందే కుప్పగూలెను. నగరమా, కోట్లకొలది జనము క్రిక్కిఱిసినది. ప్రభుత్వ వైద్యులా, ఆ దినములలో సమ్మెలో నున్నారు. అందుచేత అతనిని ఒక ప్రయివేటు ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ఎబోలా రోగులతో తనకు సంబంధము లేదని అతడు చెప్పెను. మలేరియా యని మొదట తలంచిరి. అచ్చటి పెద్దవైద్యురాలు అమేయో స్టెల్లా అడదేవోహ్ మాత్రము అనుమానించిరి. అతడు ప్రభుత్వ కార్యముమీద వచ్చినవాడు. సభకు పోవలసియున్నది, విడిచిపెట్టుడని పైనుండి ఒత్తిడి వచ్చినది. ఆమె విడువలేదు. రక్తపరీక్ష చేయించిరి, రోగము తేలినది. ఆ తరువాత పోలియో నిర్మూలనమునకై ఇల్లిల్లు తిరిగి అలవాటుపడిన సిబ్బంది రంగములోనికి దిగిరి. రోగులను తాకినవారి నందఱిని, సుమారు 900 మందిని, వెదకి పట్టుకొనిరి. ఇరువదియొక్క దినములపాటు వారి యిండ్లకు పోయి చూచిరి. ఆ దర్శనముల లెక్క 18,500. మొత్తము 20 మందికి రోగము వచ్చినది. 8 మంది మరణించిరి. ఆ యెనమండుగురిలో అడదేవోహ్ గారొకరు. ఆగస్టు 19వ తేదీన ఆమె కన్నుమూసిరి. అక్టోబరు 20న నైజీరియా ఎబోలా రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

డాలసునకు వచ్చినవానిని పరీక్షించి పంపిరి, లాభములేకపోయినది. లాగోసునకు వచ్చినవాడు నడువలేని స్థితిలో విమానము దిగినను నగరము దక్కినది. రెండు చోట్లను నిర్ణయించినది ద్వారము కాదు, రోగి మొదట పడుకొనిన మంచము ప్రక్కన నిలిచిన వైద్యుని బుద్ధి. మా చదువరులలో విదేశములందు బిడ్డలు లేని కుటుంబములు నేడు కొద్ది. అమెరికానుండియో గల్ఫునుండియో వచ్చిన కుమారునికి వారము దినములకు జ్వరము కాచినయెడల తల్లి మిరియాల కషాయ మిచ్చి ఊరకుండక వైద్యుని కడకు తీసికొనిపోయి, మొట్టమొదట చెప్పవలసిన మాట ‘వీడు ఫలానా దేశమునుండి ఫలానా దినమున వచ్చినాడు’ అనునది. ఆ మాట విని వైద్యుడు తల యెత్తి చూడకున్నచో మరల చెప్పవలెను.

ఇక ఈ పరీక్షలు నిష్ప్రయోజనములు మాత్రమే యైన మేమింత కోపింపకుందుము. మన భాషలో ‘అంటు’ అను మాటకు రెండు కొమ్మలు గలవు. ఒకటి అంటురోగము, రెండవది అంటరానితనము. సరిహద్దున నిలిచినవాని మనస్సులో ఈ రెండును ఎంత సులభముగా కలిసిపోవునో చరిత్రయే చెప్పుచున్నది. 1896 డిసెంబరు 18వ తేదీన కూర్లండు, నాదరీ అను రెండోడలు బొంబాయినుండి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినవి. కూర్లండులో గాంధీగారు భార్యాబిడ్డలతో నుండిరి. ఓడలలో రోగి యొక్కడును లేడు. బొంబాయిలో ప్లేగు కలదను మిషమీద క్వారంటైను విధించిరి. గడువు తీరిన కొలదియు పొడిగించిరి. ఒడ్డున తెల్లవారు సభలు చేసి ‘ఈ కూలీలను దిగనీయకుడు, వెనుకకు పంపుడు’ అని కేకలు వేయుచుండిరి. 1897 జనవరి 13న గాని ప్రయాణికులు నేలమీద కాలు మోపలేదు. ఆనాడే గాంధీగారిని వీధిలో కొట్టిరి. ఆ సంవత్సరముననే నాతాలు ప్రభుత్వము క్వారంటైను చట్టమును సవరించి, వలసల నిరోధమునకు మఱియొక చట్టము చేసినది. ప్లేగును ఆపుటకు చేసినదేదో, భారతీయుని ఆపుటకు చేసినదేదో ఆ రెంటిని ప్రక్కన పెట్టిన స్పష్టమగును. మద్రాసు రేవునుండి 1860 మొదలు ఓడలలో నింపి అచ్చటి చెఱకుతోటలకు తీసికొనిపోయిన తెలుగు, తమిళ కూలీలు వారికి అంతకుముందు రోగభయము కలిగింపలేదు. చాకిరి చేయువాడు వచ్చినప్పుడు తలుపు తెఱచియే యున్నది. వర్తకుడును న్యాయవాదియు వచ్చినప్పుడు ప్లేగు జ్ఞాపకమునకు వచ్చినది.

పరులను నిందించి ఊరకుండుటకు మనకు హక్కు లేదు. 1897లో తెల్లదొరలు చేసిన ఎపిడెమిక్ వ్యాధుల చట్టమునే మనము 2020లో దుమ్ము దులిపి ప్రయోగించితిమి. ఆ మార్చి నెలలో హైదరాబాదు హాస్టళ్లు మూసివేయగా పోలీసుల చీటీలు పట్టుకొని ఇండ్లకు బయలుదేరిన యువతీయువకులు గరికపాడు సరిహద్దున గంటలతరబడి నిలువవలసివచ్చినది. ఒక తెలుగు ప్రభుత్వ మిచ్చిన చీటీ మఱియొక తెలుగు ప్రభుత్వపు గేటు దగ్గఱ చెల్లలేదు. 2021 మే నెలలో అంతకంటె ఘోరము జరిగినది. రాయలసీమనుండి, కృష్ణా గుంటూరు జిల్లాలనుండి హైదరాబాదు ఆసుపత్రులకు పోవుచున్న కోవిడు రోగుల అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులయందు ఆపిరి. ముందుగా ఆసుపత్రి ఒప్పుదల, అధికారుల అనుమతి యున్నగాని పోనీయమనిరి. ఊపిరాడనివాడు అనుమతిపత్రము ఎక్కడ తెచ్చును? కర్నూలు దాటిన తరువాత పుల్లూరు టోల్ గేటు దగ్గఱ ఆగిన వాహనములలోనే రోగులు మరణించిరని పత్రికలు వ్రాసినవి. మే 14వ తేదీన తెలంగాణ ఉన్నత న్యాయస్థానము ఆ ఉత్తరువును నిలిపివేసినది. ఆనాటికి హైదరాబాదు చట్టరీత్యా రెండు రాష్ట్రములకును ఉమ్మడి రాజధాని. రోగమును ఆపుటకని పుట్టిన కాపలా రోగిని ఆపుటతో ముగిసినది. ఆ దినములలో హైదరాబాదున రోగము లేదా? కావలసినంత యున్నది. అచ్చట ఆపినది అంటును కాదు, పడకకై పోటీని.

మా వాదమునకు ఎదురు చెప్పువారు 1918 నాటి సమోవా ద్వీపముల కథను ఎత్తుదురు. ఎత్తవలసినదే, అది బలమైన కథ. ఆ సంవత్సరము నవంబరు 7వ తేదీన తలూన్ అను ఓడ ఆక్లండునుండి పడమటి సమోవాకు విషజ్వరమును తెచ్చినది. దానిని దిగనిచ్చిరి. ఆ ద్వీపవాసులలో సుమారు అయిదవ వంతు నశించిరి. ప్రక్కనే యున్న అమెరికా సమోవా అధికారి ఓడలను కట్టుదిట్టముగా ఆపెను. అచ్చట ఆ జ్వరమున ఒక్కరును మరణింపలేదు. 2020లో న్యూజీలండువారును వచ్చినవారినందఱిని పదునాలుగు దినములు హోటళ్లలో నుంచి తిండిపెట్టి పరీక్షించిరి. చాలకాలము రోగమును దూరముగా నుంచిరి. మేము దీనిని కాదనము. గాని ఇచ్చట పనిచేసినది ఏది? నిరీక్షణము. పొదుగుకాలము గడచువఱకు ఆగుట, ఆగినవానికి అన్నము పెట్టుట, చుట్టును సముద్ర ముండుట. నొసలు చూచి విడుచుటకును దీనికిని పేరు తప్ప పోలిక లేదు. వేలకొలది మైళ్ల నేలసరిహద్దు గల మనదేశమున దీనిని ఎల్లకాలము సాగింపజాలము. సాగించిన కొన్ని దినములైనను కూలివానికి ఆ దినముల కూలి ఎవరిత్తురను ప్రశ్నకు ముందుగా సమాధానము చెప్పవలెను. చెప్పనిచో వాడు దాగును. వానిని దొంగయనుట న్యాయము కాదు.

పచ్చజ్వరము విషయమున మన ప్రభుత్వము చేయుచున్నది కూడ సబబైన పనియే. ఆ జ్వరము ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశములలో కలదు, మనదేశమున లేదు. దానిని వ్యాపింపజేయు ఈడిస్ దోమ మాత్రము మన ఇంటి పూలకుండీలలోను కూలరులలోను సమృద్ధిగా నున్నది. అందుచేత ఆ దేశములనుండి వచ్చువారు టీకా పత్రమును చూపవలెననియు, లేనియెడల ఆఱుదినములవఱకు వేఱుగా నుంతుమనియు నియమము. టీకా వేసికొనిన పది దినములకు గాని ఆ పత్రము చెల్లదు. అచ్చట టీకా కలదు, గడువు తెలిసినది, అడుగు కారణము తెలిసినది. ఇట్టి పరీక్షను మేము శిరసావహింతుము. మా తగవు గ్రుడ్డితనముతో గాని కాపలాతో గాదు.

ద్వారములు మూయుటలో మఱియొక అన్యాయము కలదు. 2021 నవంబరు 24వ తేదీన దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు కోవిడు యొక్క క్రొత్త రూపమును కనుగొని ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిపిరి. దానికే తరువాత ఒమిక్రాన్ అని పేరు వచ్చినది. రెండు దినములు తిరుగకమునుపే దేశదేశములు వారి విమానములను ఆపినవి. అంతకు ముందే, 19వ తేదీన 23వ తేదీన తీసిన మాదిరులలో ఆ రూపము హాలెండు దేశమున నున్నట్లు తరువాత తేలినది. చెప్పినవానికి శిక్ష, తెలియనివానికి రక్ష. ఈ నీతిని నేర్చుకొనిన దేశము ఇకమీదట రోగము పుట్టినప్పుడు నోరు విప్పునా?

2020లో మన యూళ్లలో ఇల్లిల్లు తిరిగి ఎవరు పరదేశమునుండి వచ్చిరి, ఎవరికి జ్వరమున్నది, ఎవరు తినుటకు లేక పడియున్నారు అని విచారించినవారు ఆశా కార్యకర్తలు. గుడ్డ ముసుగు కట్టుకొని, కొన్నిచోట్ల తలుపులు ముఖాన వేయించుకొని వారు తిరిగిరి. లాగోసున 18,500 సారులు తలుపు తట్టిన పనియే మనయింట వారు చేసినది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారికి పురస్కారము ప్రకటించినది. పెద్దలు చప్పట్లు కొట్టిరి. నేటికిని వారు ప్రభుత్వపు పుస్తకములలో ఉద్యోగులు కారు, స్వచ్ఛంద సేవికలు. వారికిచ్చునది జీతము కాదు, గౌరవవేతనము. దానిని పెంపుడని వారు అప్పుడప్పుడు రోడ్డునెక్కగా పోలీసు వాహనములలో నెక్కించి తీసికొనిపోవుట మనము చూచుచునే యున్నాము. రేపు మఱియొక రోగము పేరు వినబడి, విమానాశ్రయములకు క్రొత్త యంత్రములు కొనుటకు ధనము మంజూరు చేయుడని శాసనసభలలో అడుగుదురు. ఆ పద్దును ఒప్పుకొనుటకు ముందు సభ్యులు ఈ స్త్రీల జీతముల పద్దు ఏదియని అడుగవలెననియు, తమ సభ్యుడు అడిగినదియు లేనిదియు ఓటర్లు కనుగొనవలెననియు మేము కోరుచున్నాము.